మొదటి కార్డు తీసివేయుడు

మా కెమిస్ట్రీ మాస్టారి ఎనిమిదేళ్ళ పరిశోధనను నేను రెండుసార్లు చంపాను. ఒకసారి భక్తితో, ఒకసారి సిగ్గుతో. ఈ రెండు గుణాలూ నాలో ఉన్నాయని అంతకుముందు మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

రెండేళ్ళ క్రితం నేను బందరులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుని. కుర్రాళ్ళు పగలగొట్టిన గాజుసామానుకి సంజాయిషీ రాయడం ఆ ఉద్యోగంలో ముఖ్యభాగం. మాది గుడివాడ దగ్గర పల్లె. శనివారం రైల్లో ఇంటికి వెళ్ళి, సోమవారం పొద్దున్న అమ్మ ఇచ్చిన కందిపొడి డబ్బాతో తిరిగొచ్చేవాణ్ణి. మాస్టారిది దివిసీమ. నాగాయలంక దాటాక, ఇక్కణ్ణించి రోడ్డు ఎవరికి కావాలిలే అని ఎవరో ఆపేసినచోట వాళ్ళ ఊరు. వాళ్ళ నాన్నగారు అక్కడి చర్చిలో గంట కొట్టేవారు. మిగతావేళ ఎకరంన్నర చేలో వరి పండించేవారు. పండించేవారనడం మర్యాద కోసం. సముద్రానికి పోటు వచ్చినప్పుడల్లా మురుగుకాలవ వెనక్కి తన్ని ఉప్పునీళ్ళు చేలోకి ఎక్కేవి. పాటు మొదలయ్యాక నీళ్ళు దిగేవి గాని ఉప్పు దిగేది కాదు. ఆయన కాలవలో దిగి దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాలిక మీద వేసుకుని, ఇవాళ నీళ్ళు పెట్టొచ్చు, ఇవాళ వద్దు అని ఊరికంతా చెప్పేవారట. చూసే సాధనం ఆయన నాలిక ఒక్కటే.

ఆ నాలికకు అంకెలు కట్టడమే మాస్టారి పరిశోధన. సెలవు దొరికితే చాలు, వెదురుబుట్టలో సీసాలు పెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కేవారు. మూడు మురుగుకాలవల్లో, పోటులో ఒకసారి, పాటులో ఒకసారి నీళ్ళు పట్టి తెచ్చేవారు. వాటిలో ఉప్పెంతో నేను లాబులో తేల్చేవాణ్ణి. ఆ పరీక్షకి వాడే మందు తగిలితే వేళ్ళు నల్లబడిపోతాయి. మా ఇద్దరి వేళ్ళూ చూసి, కాలేజీలో కొత్తవాళ్ళు మేము దొంగ నోట్లు అచ్చువేస్తున్నామేమో అనుకునేవాళ్ళు. పోటు మొదలైన ఎన్ని గంటలకు కాలవకి తలుపు వేస్తే చేను బతుకుతుందో లెక్కకట్టి చెప్పాలన్నది మాస్టారి పట్టుదల. నోటుపుస్తకాలు బీరువా నిండాయి. ఆ అంకెలన్నీ చేత్తో లెక్కవేస్తే ఆయన రిటైరయ్యాక కూడా నాలుగేళ్ళు పట్టేలా ఉంది.

యూనివర్సిటీ అప్పటికి రెండుసార్లు గడువు పొడిగించింది. మూడో ఉత్తరంలో, మార్చి నెలాఖరులోగా సిద్ధాంతవ్యాసం చేరకపోతే రిజిస్ట్రేషను రద్దవుతుందని, ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలు సాగవని రాశారు. ఎనిమిదేళ్ళు ఒక మురుగుకాలవలో పోసేస్తామని అంత మర్యాదగా చెప్పడం నేను అదే చూడటం.

అందుకని కంప్యూటరు. అది ఎక్కడో ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో ఉంది. మేము దాన్ని చూడలేదు, అది మమ్మల్ని చూడలేదు. మా మధ్య జరిగిందంతా పోస్టులోనే. చెయ్యవలసిన లెక్కను గళ్ళకాగితం మీద, గడికొక ఇంగ్లీషు పెద్దక్షరం చొప్పున రాసి పంపాలి. అక్కడ ఒక్కో పంక్తినీ ఒక్కో అట్టకార్డు మీద చిల్లులుగా పొడుస్తారు. కార్డుల కట్టను వరసలో మిషన్‌కి తినిపిస్తారు. అది చెప్పిన జవాబు చుట్టలాంటి కాగితం మీద అచ్చయి మాకు పోస్టులో వస్తుంది. వెళ్ళిరావడానికి మూడు వారాలు.

అందులో ఒక తిరకాసుంది. మిషన్ బుర్ర చిన్నది, మా లెక్క మొత్తం ఒకేసారి పట్టదు. అందుకని లెక్కను రెండు ముక్కలు చెయ్యాలి. మొదటి ముక్క అంకెలను పోటు ప్రకారం, పాటు ప్రకారం విడదీసి, అక్కడ ఆగి, మిషన్‌లో కాపురముండే మానిటర్ అనే పెత్తందారుకి ఒక ఆజ్ఞ ఇవ్వాలి: రెండో ముక్కను తీసుకొచ్చి నడిపించమని. అంటే లెక్క తన పని తాను చేసుకుంటూనే, మధ్యలో మిషన్‌కే పని పురమాయించడమన్నమాట. మాస్టారు సైక్లోస్టైల్ పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని రెండు పూటలు ఇది నాకు బోధించారు. నాకు పంక్తిభోజనంలాగా అర్థమైంది. అన్నం వడ్డించేవాడు పులుసు వడ్డించడు. పంక్తి మధ్యలో ఆగి లోపలికి "పులుసూ" అని ఒక కేక వేస్తాడు. పులుసు వచ్చేదాకా విస్తరి ముందున్నవాడు చెయ్యి కదపడు.

మాస్టారు నవ్వలేదు. పోలిక బాగానే ఉందని, అయితే లోపల పులుసు కాచి ఉండాలని మాత్రం అన్నారు.

కాయలేదు. డిసెంబరులో పంపిన కట్టకు జవాబుగా సంక్రాంతి సెలవులయ్యాక ఒక కాగితం చుట్ట వచ్చింది. విప్పితే మీ ఆజ్ఞలో చెప్పిన పేరుతో ఇక్కడ ఏ ప్రోగ్రామూ లేదని ఒకే ఒక్క పంక్తి ఉంది. రెండో ముక్కను ముందుగా మిషన్‌లో దాచిపెట్టమని చెప్పే కార్డును మేము రాయలేదు. ఇంత పొడుగు కాగితం మీద ఒక్క పంక్తి. మా పెదనాన్న పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి చెప్పే కబురుకూడా ఇంతకంటే వివరంగా ఉండేది.

మాస్టారు సరిదిద్దారు. నా చేతిరాత బాగుంటుందని ఈసారి గళ్ళకాగితాలు నన్ను ఎత్తిరాయమన్నారు. ఆ పొద్దున లాబులో ఒక్కణ్ణే కూర్చున్నాను. మొదటి కాగితం ముందుంది. ఆయన ముఖం జనవరి నుంచి ఎలా ఉందో నాకు తెలుసు. వాళ్ళావిడ, నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను, ఆయన అన్నం కెలికి లేచిపోతున్నారని నాతో చెప్పి రెండు రోజులైంది. దేన్నీ నమ్మని నేను, మా ఊళ్ళో పద్దు పుస్తకం నుంచి చాకలిపద్దు దాకా ఏ కాగితం మొదలుపెట్టినా పైన రాసే మాట రాయకపోవడం వల్లే మొదటిసారి పోయిందేమో అనుకున్నాను. మొదటి పంక్తిలో శ్రీ పెట్టాను. మిషన్‌కి తెలుగు రాదు కనక ఇంగ్లీషులోనే, గడికొక అక్షరం చొప్పున, నియమం తప్పకుండా పెట్టాను. మాస్టారు తిరిగి చదివినప్పుడు ఆయన కళ్ళు రెండో పంక్తి నుంచి మొదలయ్యాయి. కాగితం పైన ఉండే శ్రీని ఎవరు చదువుతారు?

శివరాత్రి వెళ్ళిన వారంలో చుట్ట వచ్చింది. మళ్ళీ ఒక్క పంక్తే: మొదటి కార్డు ఆజ్ఞ కాదు, పని వదిలివేయబడింది. దాని కింద ఆ మొదటి కార్డు మీద ఏముందో అచ్చువేయాలట, కాని అక్కడ సిరా పలచబడి మచ్చలా ఉంది. మాస్టారికి అది మచ్చ. నాకు మాత్రం చుట్ట విప్పుతూనే తెలిసిపోయింది.

చెప్పాలి కదా. చెప్పలేదు. ఏ చావుకి వెళ్ళినా ఏదో ఒక మాట అని నలుగుర్ని నవ్వించి వచ్చే నేను, నాలుగు రోజులు నోరు మెదపలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన తప్పు తనదే అనుకుని ప్రతి పంక్తినీ వేలు పెట్టి చదివారు. క్లాసులో బోర్డు మీద ఫార్ములా సగం రాసి ఆగిపోయారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో చొక్కా మార్చుకోకుండానే గళ్ళకాగితాలు పరుచుకున్నారు. ఆ వారం ఇంటికి వెళ్ళలేక అక్కడికి చేరిన నాకు అక్కయ్యగారు కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. ఈ సంగతి నేనే తేలుస్తానని ఆవిడకు ఎలా తెలిసిందో గాని, అలాగే చూశారు.

నేను చెప్పేశాను. శ్రీ అని రాశాననీ, మిషన్‌ దాన్ని ఆజ్ఞగా చదవబోయి ఆగిపోయిందనీ.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.  తరవాత అడిగారు.

"ఆఖర్న ఆమెన్ గాని రాశావేంటోయ్?"

"లేదండి."

"అయితే ఒక కార్డుతో పోయింది."

అక్కయ్యగారు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళారు. నవ్వారో ఏడ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం కాఫీగ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుండేవి.

ఇంక కొత్తగా రాసి పంపే వ్యవధి లేదు. కట్ట ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి ఒక తంతి కొట్టి, ఆ శ్రీ కార్డు తీసేసి మళ్ళీ నడపమంటే నెల మధ్యకల్లా జవాబు రావచ్చు. అలాగే రాయమని మాస్టారు నాకు చెప్పారు. శ్రీ కార్డు అనే చెప్పారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

తంతి ఆఫీసులో గుమాస్తా పామర్రువాడు, నాకు ఏ చుట్టమూ కాడు, అయినా బావా అనేవాడు. తంతి అంటే మా వైపు చావుకబురే. నన్ను చూస్తూనే గొంతు తగ్గించి ఎవరు పోయారు బావా అన్నాడు. ఇంకా ఎవరూ పోలేదు, మూడు వారాల గడువుంది అన్నాను. ఫారం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. శ్రీ దగ్గర చెయ్యి ఆగింది. ఇది వీడు చదువుతాడు. చదివి అడుగుతాడు. సాయంత్రానికి కాఫీ హోటల్లో చెబుతాడు. కంప్యూటరుకి శ్రీకారం చుట్టినవాడని బందరంతా నన్ను చూపిస్తుంది. ఊరందర్నీ వెక్కిరించి బతికేవాడికి అంతకంటే శిక్ష ఉండదు. "మొదటి కార్డు తీసివేయుడు, మరల నడుపుడు" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసిచ్చాను.

గుమాస్తా చదివాడు. వాడు మాటలు లెక్కపెట్టడంలోనే జీవితం గడిపినవాడు.

"ఏ కార్డో పేరుంటే రాయి బావా. మొదటిదీ అంటే, ఎవడికి ఏది మొదటిదో మనకేం తెలుసు?"

"ఎక్కడైనా మొదటిది మొదటిదే," అన్నాను. ఆ మాట నేను చెక్కించి మెళ్ళో వేసుకోవాలి.

తంతి వెళ్ళింది. తొమ్మిది రోజులకు చుట్ట వచ్చింది. పోస్టుమాన్ లాబు గుమ్మంలోనే నా చేతికిచ్చాడు. చుట్ట పలచగా ఉంది.  విప్పితే ఒక్క పంక్తే, ఈసారి స్పష్టంగా: పని ప్రారంభించు కార్డు లేదు, పని వదిలివేయబడింది. దానికి గుండుసూదితో ఒక చీటీ. ఇంగ్లీషులో చేత్తో రాసింది. అక్కడ పొద్దుటి వేళ పనిచేసే ఆయన మొదటి కార్డు అనవసరమైనదని చూసి, మేము అడక్కముందే దయతో దాన్ని తీసేసి కట్టను మళ్ళీ వరసలో పెట్టాడు. తరువాత మా తంతి అందింది. ఆ పూటకు పనిలో ఉన్న మరొకాయన తంతి ప్రకారం మొదటి కార్డు తీసేశాడు. అప్పటికి మొదటిదంటే మా అసలు కార్డు, పని మొదలుపెట్టమని మానిటర్‌కి చెప్పేది. మీరు చెప్పినట్టే చేశాం, ఇప్పుడేం చెయ్యమంటారని చివర రాశారు. తీసేసిన శ్రీ కార్డును కూడా జాగ్రత్తగా వెనక్కి పంపారు. మూడక్షరాలకు ఆరు చిల్లులు.

మూడువేల మైళ్ళ దూరంనుంచి కనపడని కట్టకి ఆజ్ఞ ఇస్తే ఏమవుతుందో ఆ చీటీ చెబుతోంది. మూడువేలనడం నా బాధ, అంత ఉండదు.

మాస్టారు చీటీ చదివారు. తంతిలో ఏం రాశావని అడిగారు. చెప్పాను. శ్రీ అని ఎందుకు రాయలేదని అడిగారు. సిగ్గేసిందని చెప్పాను. నేను అంత నిజం అంత పొట్టిగా చెప్పడం ఆయన అదే వినడం అనుకుంటాను. ఆయన లేచి బీరువా దగ్గరికి వెళ్ళి, నోటుపుస్తకాల మీద చెయ్యి పెట్టి అటు తిరిగే మాట్లాడారు.

"మా నాన్న పోయే ముందు రోజు గ్లాసుతో మంచినీళ్ళిస్తే నాలిక మీద వేసుకుని, ఉప్పుందిరా, ఇవాళ వద్దు అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో ఎవరికీ తెలీలేదు. నాకు తెలుసు. ఈ లెక్క తేలకపోతే నేనూ అదే మాట అంటానేమో."

నేను చుట్టను మళ్ళీ చుట్టి బల్ల మీద పెట్టాను. 

నెలాఖరుకు పన్నెండు రోజులుంది. మరునాడు ఆయన లెక్కలశాఖ నుంచి చేత్తో తిప్పే లెక్కల మిషన్ ఒకటి అరువు తెచ్చారు. పక్కన పిడి ఉంటుంది, తిప్పితే కరకరలాడి హెచ్చవేతలు చేస్తుంది. మూడు కాలవలు కావు, ఒక్క కాలవ అన్నారు, నాన్నగారి చేను పక్కది. అది తేలితే ఒక పొత్తం అవుతుంది, పల్చగా ఉన్నా సిద్ధాంతవ్యాసమే. పద్ధతి మాత్రం అదే, గళ్ళకాగితం మీద రాసినదాన్ని పంక్తి వెంబడి పంక్తిగా మనమే నడుపుదామన్నారు. మొదటి ముక్క ఆయన. ఆజ్ఞ వచ్చినచోట ఆయన ఆగి పిలుస్తారు. రెండో ముక్క నేను పిడి తిప్పి చేసి జవాబిస్తాను. అప్పటిదాకా ఆయన పంక్తి కదలదు.

ఆ విధంగా నేను మానిటర్‌నయ్యాను. ఇంతకంటే పెద్ద పదవి నాకు రాబోదని ఇంటికి ఉత్తరం రాశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఆయన ఆజ్ఞ దగ్గరికి వచ్చారు. పెన్సిలు కాగితం మీద ఆనించి, నడిపించమన్నారు. నేను రెండో ముక్క కాగితాలు ముందు పెట్టుకుని పిడి మీద చెయ్యి వేశాను. చూశాను. మళ్ళీ చూశాను. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలియక అడిగాను.

"పిలిచారు సరేనండి. మరి అంకెలేవీ?"

"విడదీశాను కదా, ఇవిగో," అని తన కాగితం చూపించారు.

"అవి మీ దగ్గరున్నాయండి. నాకివ్వమని ఇందులో ఎక్కడా రాయలేదు. పులుసు తెమ్మన్నారు గాని గిన్నె ఇవ్వలేదు."

ఆయన కాగితం లాక్కున్నారు. చదివారు. సైక్లోస్టైల్ పుస్తకం తీసి ఒక పేజీ వెతికి చదివారు. రెండో ముక్క మిషన్ బుర్రలోకి వస్తే మొదటి ముక్క చెరిగిపోతుంది. దానితోపాటు అది విడదీసిన అంకెలూ చెరిగిపోతాయి, ఉమ్మడిగా దాచమని ఒక పంక్తి ముందే రాసి ఉంటే తప్ప. ఆ పంక్తి లేదు. మొదటిసారి రాసినప్పుడూ లేదు, నేను ఎత్తిరాసినప్పుడూ లేదు. శ్రీ పెట్టకపోయినా, తంతి సరిగ్గా ఇచ్చినా, మా లెక్క రెండో ముక్కలోకి వట్టి చేతులతో వెళ్ళేదే.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలోకి చూడ్డానికి భయం వేసింది. ఆయన మాత్రం చాలా నెమ్మదిగా, అయితే ఇది నాదన్నమాట అన్నారు. తప్పు తనదని తెలిసినవాడి ముఖంలో అంత తెరిపి నేను ఎన్నడూ చూడలేదు. ఆ పంక్తి రాసుకుని, అంకెల కాగితం నా బల్ల మీద పెట్టి, మళ్ళీ నడిపించమన్నారు.

పది రోజులు పిడి తిప్పాను. కుడిచెయ్యి వాస్తే ఎడంచేత్తో తిప్పాను. గుడివాడ వెళ్ళలేదు. కందిపొడి అయిపోయింది. అక్కయ్యగారు మధ్యాహ్నం క్యారియరు పంపించేవారు, అందులో నాకూ ఒక గిన్నె ఉండేది. ఆరో రోజు ఒక హెచ్చవేత తప్పి రెండు పేజీలు వెనక్కి వెళ్ళాం. తొమ్మిదో రోజు మాస్టారికి జ్వరం, అయినా వచ్చారు, పిలిచేటప్పుడు గొంతు రాక బల్ల మీద పెన్సిలుతో కొట్టేవారు. నేను తిప్పి జవాబు కాగితం ఇచ్చేవాణ్ణి.  గడువు దాటిపోతుందేమో అన్నది ఇద్దరికీ తెలుసు. 

ముప్పయ్యో తారీఖు పొద్దున టైపు అయింది. అట్టలు అంటించిన జిగురు తడి ఆరకుండానే సంచిలో పెట్టుకుని మాస్టారు బందరు స్టేషన్లో రైలెక్కారు. గుడివాడలో బండి మారాలి. నేను కూడా గుడివాడ దాకా వెళ్ళాను. వీడ్కోలుకి కాదు, ఈయన జ్వరంలో బండి మారడం మరిచిపోతారేమోనని. ప్లాట్‌ఫారం మీద ఏదన్నా పెద్దమాట చెబుతారనుకున్నాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి, లెక్కల మిషన్ తిరిగిచ్చేముందు తుడిచి ఇవ్వమన్నారు.

మర్నాడు సాయంత్రం యూనివర్సిటీ ఆఫీసు మూసే వేళకు అక్కడి గుమాస్తా పొత్తం తీసుకుని ముద్ర వేశాడట.

ఏప్రిల్లో ఇంకొక చుట్ట వచ్చింది. ఈసారి లావుగా. మేము జవాబు రాయకపోయినా అక్కడ పొద్దుటి వేళ పనిచేసే ఆయన జాలిపడి, పని ప్రారంభించు కార్డును మళ్ళీ పెట్టి కట్టను నడిపించాడు. మూడు కాలవల లెక్కా ఉంది. నిలువు వరసలు ముచ్చటగా, గీత గీసినట్టు ఉన్నాయి. ప్రతి వరసలోనూ, పై నుంచి కింది దాకా, సున్నాలు. మాస్టారు మొత్తం విప్పి లాబు నేల మీద పరిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూశారు. ఉప్పు అసలు లేదట, నాన్న విని ఉంటే సంతోషించేవాడు అన్నారు.

ఏడాదికి డిగ్రీ వచ్చింది. లెక్క చేత్తో చేయడంవల్ల పరిధి తక్కువైనదని ఒక పరీక్షకుడు రాశారు. కాలవకి తలుపు ఇంకా రాలేదు. అవనిగడ్డలో ఒక ఆఫీసులో దానికి ఫైలు మాత్రం ఉంది.

శ్రీ కార్డు నా దగ్గర లేదు. పారేద్దామనుకుంటే మాస్టారు అడిగి తీసుకున్నారు. మొన్న వాళ్ళింటికి వెళితే బల్ల మీద నలిగిన బైబిలులోంచి దాని అంచు కనపడింది. నా చూపు చూసి అక్కయ్యగారు ముందే చెప్పేశారు, ఎంతదాకా చదివారో గుర్తుకేనని, ఇంకేం అనుకోవద్దని.

ఏమీ అనుకోలేదు. తెరిచి చూస్తే నాలుగో పేజీ దగ్గరే ఉంది.